ఉజి పట్టణపు ఆటల ప్రదర్శనశాల

జపానుదేశమున క్యోటో నగరమునకు దక్షిణముగా ఉజి యను పట్టణము కలదు. తేయాకునకును, బ్యోడోఇన్ అను పురాతన బౌద్ధాలయమునకును అది ప్రసిద్ధి. 1889లో పూలబొమ్మల చీట్లపేకలతో ఆరంభమైన నింటెండో సంస్థ, అచ్చటి తన పాత కర్మాగారమును ప్రదర్శనశాలగా మార్చి 2024లో తెరచినది.

అందు రెండు యంత్రములు మనము చూడదగినవి. మొదటిది 1995 నాటి 'వర్చువల్ బాయ్'. కన్నుల కానించి చూచినచో లోతుగల దృశ్యము తోచును. కాని ఎఱుపు, నలుపు తప్ప వేఱు వన్నె లేదు. అది త్వరలోనే మూలబడినది. రెండవది 2006 నాటి 'వీ'. చేతిలోని చిన్న సాధనము నూపిన టెలివిజనులోని బంతి ఎగురును. తాతలును మనుమలును కలసి యాడిరి. పదికోట్లకు పైగా అమ్ముడుపోయెను.

ఇప్పుడు అంగళ్లలో దొరకు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు తలకు తగిలించుకొనినచో రంగుల లోకము చుట్టును నిలుచును. చేతి కదలికను 'వీ'కంటె సూక్ష్మముగా గ్రహించును. యంత్రముగా నివి మిన్నయే. అయినను ఆటలో మునిగినవారికి ప్రక్కనున్న బిడ్డ కానరాదు. కొందఱికి తల తిరుగును.

ఒంటరిగా వింతలు చూడగోరువారికి హెడ్‌సెట్టు తగును. 'వీ' తయారీ నిలిచినను దాని పద్ధతి ఆ సంస్థవారి 'స్విచ్' యంత్రమున నున్నది. నలుగురు కూడి నవ్వుకొను నింటికి అదియే మేలని నా తలంపు.