నల్ అంటే ఎవరు?

ఈ సెమిస్టర్‌లో మా బ్యాచ్‌కి సీనియర్ల ప్రాజెక్టు ఒకటి చేతికొచ్చింది. ఉద్దానంలో కిడ్నీ పరీక్షల లిస్టులు ఊరికో తీరుగా ఉంటే, అన్నిటినీ ఒక్క టేబుల్‌లోకి ఎలా తేవాలన్నది టాపిక్. డేటా అసలు రోగులది కాదు, ప్రాక్టీసుకి తయారుచేసుకున్నదే. టూల్ టాలెండ్ ఓపెన్ స్టూడియో. ఆ ఉచిత టూల్‌ని కంపెనీ 2024 జనవరి 31తో ఆపేసింది. సీనియర్లూ పాసై వెళ్ళిపోయారు. మాకు మిగిలింది గిట్‌లో ఉన్న ఫోల్డరే.

తెరిస్తే మొదట ఏమీ అర్థం కాదు. కానీ లెక్క సులువే. ‘ప్రాసెస్’ ఫోల్డర్‌లో జాబ్‌లు, ‘మెటాడేటా’లో కనెక్షన్లు, ‘కాంటెక్స్ట్’లో మెషీన్‌ని బట్టి మారే విలువలు, ‘కోడ్’లో జావా రొటీన్లు. ఒక్కో జాబ్‌కి మూడు ఫైళ్ళు: ప్రాపర్టీస్‌లో పేరు, రాసినవాళ్ళు, వెర్షన్, స్క్రీన్‌షాట్‌లో బొమ్మ, ఐటెమ్‌లో అసలు డిజైన్, ఎక్స్ఎంఎల్ రూపంలో. జాబ్ వెర్షన్ 0.1 నుంచి 0.2కి పెంచితే కొత్త ఫైళ్ళే పుడతాయి. అప్పుడు గిట్ పాతదాన్నీ కొత్తదాన్నీ తనంతట తాను పోల్చి చూపదు, మనమే పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఐటెమ్ ఫైల్లో డిఫ్ చూస్తే బోలెడు లైన్లు మారినట్టు కనిపిస్తాయి. సగం వట్టి చప్పుడే. స్క్రీన్ మీద డబ్బా కొంచెం జరిపినా పోస్‌ఎక్స్, పోస్‌వై అంకెలు మారతాయి. అవి వదిలేసి, ఫిల్టర్లు, మ్యాపింగులు, కాలమ్‌లు చూడాలి. డేటా ఈ ఫైళ్ళలో ఉండదు. డేటాని ఏం చెయ్యాలో ఎవరో తీసుకున్న నిర్ణయం ఉంటుంది.

అలా వెతుకుతుంటే టీఫిల్టర్‌రో దగ్గర మూడు విలువలు కనిపించాయి: కాలమ్ క్రియాటినిన్, ఆపరేటర్ ‘సమానం కాదు’, విలువ ‘నల్’. అంటే రిజల్ట్ లేని మనిషి లిస్టులోంచి పోతాడు. ఎందుకో కమిట్ మెసేజ్‌లో లేదు. ‘అప్‌డేటెడ్’ అని ఉందంతే.

మా పెద్దమ్మ పలాసలో జీడిపప్పు పనికెళ్తుంది. ఊళ్ళో క్యాంపు పెట్టినపుడు రక్తం ఇచ్చావా అనడిగితే, “ఆ దినం పనికెల్లిపోనాన్రా, కూలి ఎవుడిస్తాడు?” అంది. మా జాబ్‌లో పెద్దమ్మలాంటి మనిషి పేరే నల్. పరీక్ష అవ్వని మనిషికి జబ్బు లేదని కాదు కదా. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. అలాంటి చోట చప్పుడు చెయ్యకుండా పోయే వరుస చిన్న విషయం కాదు.

ఆ ఫిల్టర్‌కి రిజెక్ట్ అని ఇంకో దారి ఉంటుంది. దాన్ని వేరే ఫైల్‌కి కలిపి, ‘మళ్ళీ పరీక్ష చెయ్యాల్సినవాళ్ళు’ అని పేరు పెట్టాం. కమిట్ మెసేజ్‌లో కారణం తెలుగులోనే రాశాం.

జూనియర్స్, మీ చేతికి ఏ ప్రాజెక్టు వచ్చినా రన్ బటన్ నొక్కే ముందు ఐటెమ్ ఫైల్లో ఫిల్టర్లు వెతకండి. ఎవరిని వదిలేస్తున్నామో అక్కడే రాసుంటుంది.