వంద వచ్చింది, ఏడు రాలేదు

మీ ఇంట్లో నాలుగేళ్ళ గుంటడో గుంటో ఉన్నారా? ఒకటి నుంచి వంద దాకా గడగడా చెప్పేస్తున్నారా? సంతోషం. వచ్చిన చుట్టాల ముందు నిలబెట్టి చెప్పించే ఉంటారు, వాళ్ళూ "అబ్బో!" అనే ఉంటారు. ఇప్పుడు వాళ్ళు వెళ్ళిపోయాక ఒక చిన్న పని చెయ్యండి. గిన్నెడు చింతపిక్కలు తెచ్చి ముందు పెట్టి, "ఏదమ్మా, ఇందులోంచి ఏడు పిక్కలు నా చేతిలో పెట్టు" అనండి. చాలామంది పిల్లలు దోసెడు తీసి పోసేస్తారు. కొందరు ఒకటి, రెండు అంటూ బాగానే మొదలెట్టి, ఏడు దగ్గర ఆగాలన్న సంగతి మర్చిపోయి పదమూడు దాకా పోతారు. అదండీ సంగతి. వంద వచ్చింది, ఏడు రాలేదు.

ఇవాళ మనం చేసే పని ఏమిటంటే, భావనపాడు పిల్లలకి ఒకటో తరగతికి ముందు ఏడాదంతా లెక్కల్లో ఏం నేర్పాలో, ఏది ముందో ఏది వెనకో, మీరూ నేనూ కూర్చుని ఒక పట్టీ వేసుకోవడం. భావనపాడే ఎందుకూ అంటారా? శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డునున్న ఊరు. చేపల వేట ఉంది, దగ్గర్లో నౌపడ ఉప్పు మడులున్నాయి, మూలపేటలో కొత్త పోర్టు వస్తోంది. (మొదట్లో దాన్నీ భావనపాడు పోర్టనే అనేవారు. 2023 ఏప్రిల్లో శంకుస్థాపన నాటికి మూలపేట పేరు ఖాయమైంది.) లెక్కపెట్టడానికి ఇన్ని ఉన్న ఊళ్ళో పిల్లలు మూల కూర్చుని వంద దాకా దిద్దుతుంటే నాకు మనసొప్పదు.

ముందు అసలు లెక్కపెట్టడమంటే ఏమిటో చూద్దాం. మనకి అది పుట్టుకతో వచ్చినట్టుంటుంది గానీ, అందులో చాలా మెలికలున్నాయి. 1978లో గెల్మన్, గాలిస్టెల్ అని ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ మెలికల్ని అయిదుగా విడదీసి చెప్పారు. వాళ్ళ పుస్తకం లేకపోయినా ఫరవాలేదు, ఎండు చేపలు అమ్ముకునే ముసలమ్మ పక్కన కాసేపు కూర్చోండి చాలు. ఆవిడ కవళ్ళు పుంజీలు పెడుతూ ఉంటుంది, అంటే నాలుగేసి. పక్కన మనవరాలు వేలు పెట్టి తనూ లెక్కపెడుతుంది. నోరు ఒక పరుగు, వేలు ఒక పరుగు. నోరు ఆరు అనేసరికి వేలు ఇంకా నాలుగో చేప మీదే ఉంటుంది. లేదా ముట్టిన చేపనే మళ్ళీ ముడుతుంది. ముసలమ్మ కసరదు. లెక్కపెట్టిన చేపని ఎత్తి ఇవతలికి పెడుతుంది. "ఈటిని ముట్టుకోకు, ఇవి అయిపోనాయి" అంటుంది. ఒక చేపకి ఒక అంకె అనే మొదటి మెలిక ఆ చేతి కదలికలో ఉంది. కాబట్టి మన పట్టీలో సామాను కింద మొట్టమొదట రాసుకోండి: ప్రతి పిల్లకీ రెండు పళ్ళేలు, లెక్కపెట్టనివి ఒకదాంట్లో, లెక్కపెట్టినవి ఒకదాంట్లో. దీనికి ఖర్చేమీ లేదు, ఉపయోగం మాత్రం గోడ మీద అతికించే రంగుల చార్టు కన్నా ఎక్కువ.

రెండో మెలిక, అంకెల వరుస మారకూడదు. మన కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు దగ్గరికొస్తే నోరారా ఏడు అనకుండా ఆరున్నొకటి అంటారు. అయినా కొలత ఎక్కడా తప్పదు. ఎందుకంటే ప్రతిసారీ లాభం తర్వాత రెండే, ఆరు తర్వాత ఆరున్నొకటే. మాట ఏదైనా వరుస ఒక్కటే. పిల్లలు "నాలుగు, ఆరు, అయిదు" అంటుంటే ముద్దొచ్చి నవ్వేస్తాం గానీ, సరిచెయ్యాల్సింది అక్కడే.

మూడోది అన్నిటికన్నా కష్టం. ఇదిగో చూడండి.

"ఎన్ని సేపలున్నాయే?"

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు."

"అయితే ఎన్నున్నాయి?"

"ఒకటి, రెండు, మూడు..."

చివర చెప్పిన అంకే మొత్తం అని ఆ పిల్లకింకా తెలీదు. ఎన్ని అని అడిగితే పాట మళ్ళీ మొదట్నుంచి పాడమన్నారనుకుంటుంది. ఇది తెలియని పిల్లకి కూడికలు పెట్టడం దండగ. ఎవరూ ఒప్పుకోరు గానీ, సగం కాన్వెంటు పుస్తకాల సంగతి ఇదే.

మిగతా రెండూ తేలిక. రొయ్యల్నైనా బోట్లనైనా ఒకేలా లెక్కపెట్టొచ్చు, ఏ మూల నుంచి మొదలెట్టినా అంతే వస్తుంది. పిల్లలు ఆడుతూ ఆడుతూ పట్టేస్తారు.

సర్కారువారు ఏమంటున్నారో కూడా చూద్దాం. నవ్వకండి, ఈ విషయంలో సర్కారు కాగితాలు తల్లిదండ్రుల కన్నా నెమ్మదిగా, తెలివిగా ఉన్నాయి. 2021లో వచ్చిన నిపుణ్ భారత్ పథకం ప్రకారం ఒకటో తరగతికి ముందు ఏడాది పిల్లలకి పది దాకా అంకెలు గుర్తుపట్టి చదవడం వస్తే చాలు. వస్తువుల్ని, ఆకారాల్ని, జరిగిన సంగతుల్ని వరుసలో పెట్టడం వస్తే చాలు. 99 దాకా చదవడం, రాయడం ఒకటో తరగతి పని. అంగన్‌వాడీల కోసం 2024లో కేంద్రం ఆధారశిల అని ఏడాదికి 48 వారాల పట్టీ ఇచ్చింది. మొదటి 4 వారాలు పిల్లలు ఇల్లు వదిలి కూర్చోవడం అలవాటు చేసుకోవడానికే. తర్వాత 36 వారాలు ఆటలు, కబుర్లు, పాటలు, బొమ్మలు. చివరి 8 వారాల్లోనే కాగితాల మీద పని పెరుగుతుంది. మన పీపీ-1, పీపీ-2 (ఒకటో తరగతికి ముందు రెండేళ్ళు) పిల్లల అమ్మానాన్నలు మాత్రం జూన్ నెలాఖరుకే, "టీచరమ్మా, పలక మీద ఏటీ రాయించట్లేదేటి?" అంటారు.

అమెరికాలో అలాక్కాదట కదా, అక్కడి కిండర్‌గార్టెన్‌లో వంద దాకా చెప్పాలట కదా అని మీ అన్నగారబ్బాయి ఫ్రీమాంట్ నుంచి ఫోన్లో చెప్పే ఉంటాడు. నిజమే. 2010లో కాలిఫోర్నియా ఆమోదించిన కామన్ కోర్ ప్రమాణాల్లో వంద దాకా ఒకట్లతోనూ పదులతోనూ చెప్పడం ఉంది. కానీ ఆ కాగితమే కిందికి చదవండి. వస్తువులు ముందు పెట్టి ఎన్నున్నాయో చెప్పమనేది 20 దాకానే. తడుముకోకుండా రావాల్సిన కూడికలూ తీసివేతలూ 5 లోపే. అవునండీ, అయిదు. అంత పెద్ద దేశానికి ఏడాదంతా కలిపి సరిపోయిన అయిదు, మనకి ఒక్క నెలకే చిన్నదైపోయింది.

సరే, ఇక నెలలు.

జూన్, జులై, ఆగస్టుల్లో అంకె అన్న మాటే వద్దు. ఏటా ఉండే వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది, బోట్లు మళ్ళీ సముద్రం మీదికెళ్తాయి, ఊళ్ళో చేపలు కనిపిస్తాయి. ఏరడం, జతపరచడం, పోల్చడం, ఇవే లెక్కలు. నెత్తళ్ళు ఒక కుప్ప, కవళ్ళు ఒక కుప్ప. పెద్దవీ చిన్నవీ, బరువువీ తేలికవీ, ఎక్కువా తక్కువా. పిల్లకో పళ్ళెం, పళ్ళేనికో గుడ్డు. ఒక పళ్ళెం మిగిలిపోతే ఎవరు రాలేదో పిల్లలే చెప్తారు. అంగన్‌వాడీలో గుడ్లు పెట్టే వేళకి మించిన లెక్కల పీరియడ్ నేనైతే ఎరగను.

సెప్టెంబరు నుంచి ఒకటి, రెండు, మూడు. అవునండీ, మూడు దగ్గరే నెలరోజులు. గవ్వలు వేయించండి. అష్టాచెమ్మా ఆడినవాళ్ళెవరూ పడ్డ గవ్వల్ని వేలు పెట్టి లెక్కపెట్టరు, చూడగానే మూడు అంటారు. చూసీ చూడగానే ఎన్నో తెలియడం, అది రావాలి. ఆ తర్వాత నాలుగు, అయిదు.

అక్టోబరు రెండో వారం మాత్రం పట్టీలో ఖాళీగా వదిలెయ్యండి. హాస్యానికి అనడం లేదు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న తీరం దాటింది, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. ఎక్కడో దూరాన ఊళ్ళలో కూర్చుని 48 వారాల పట్టీ రాసేవాళ్ళకి ఈ సంగతి తెలియకపోవచ్చు, భావనపాడు టీచరుకి తెలుసు. తుపాను రాకపోతే ఆ వారం వెనకబడ్డ పిల్లలకి పనికొస్తుంది.

నవంబరు, డిసెంబరుల్లో పది దాకా. టెక్కలి పక్కన తేలినీలాపురంలో అప్పటికి పెలికాన్లు, రంగు కొంగలు దిగి ఉంటాయి. తీసుకెళ్ళగలిగితే తీసుకెళ్ళండి. అక్కడ లెక్కపెట్టడం కుదరదు, పక్షులు కదులుతాయి. కదిలేవాటిని లెక్కపెట్టడం ఎందుకు కష్టమో పిల్లలే చెప్తారు, వినండి. జనవరిలో సంక్రాంతి ముగ్గులు. చుక్కలు అయిదు, మూడు, ఒకటి అని తగ్గుతాయి కదా, తర్వాతి వరుసలో ఎన్ని పెట్టాలో అడగండి. నేనైతే ఆ నెలంతా ముగ్గుల మీదే గడిపేస్తాను.

ఫిబ్రవరిలో సున్నా. మాంటిస్సోరి సామానులో ఒక పెట్టె ఉంటుంది, తొమ్మిది దాకా అంకెలు రాసిన అరలు, వాటిలో అన్నన్ని పుల్లలు పెట్టాలి. సున్నా అర దగ్గరికొచ్చేసరికి పిల్ల చెయ్యి ఆగుతుంది. ఆ మాంటిస్సోరిగారు 1939లో మద్రాసు అడయారొచ్చి మన దేశం టీచర్లకి పాఠాలు చెప్పింది, గొప్ప మనిషి. కానీ వేటకెళ్ళి ఒట్టి వలతో తిరిగొచ్చిన నాన్న ఉన్న ఇంట్లో సున్నాకి పెట్టె అక్కర్లేదు. "నిన్న ఎన్ని చేపలు పడ్డాయి?" అని అడిగితే చాలు.

మార్చికి జీడిపిక్కలొస్తాయి. అప్పుడు ఒక తమాషా చెయ్యండి. ఆరు పిక్కలు ఒక వరుస, వాటికెదురుగా ఆరు పిక్కలు ఇంకో వరుస. సమానమేనా అంటే సమానమే అంటారు. ఇప్పుడు పిల్లలు చూస్తుండగానే ఒక వరుసని దూరం దూరంగా జరపండి. "ఇందులోనే ఎక్కువ" అనేస్తారు! ఇది మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే చేసి చూపించిన పరీక్ష. ఇంత చిన్న పిల్లలకి సంఖ్య అర్థం కాదని ఆయన తేల్చేశాడు. నాకు అంత నమ్మకం లేదు. 1970ల్లో ఎడింబరోలో ఇద్దరు పరిశోధకులు అదే పరీక్షని ఇంకోలా పెట్టారు. వరుసని టీచరు జరపలేదు, ఒక తుంటరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టింది. అప్పుడు చాలా ఎక్కువమంది పిల్లలు సమానమే అన్నారు. పెద్దమనిషి పనిగట్టుకుని జరిపి మళ్ళీ అడిగితే, ఏదో మారే ఉంటుందని పిల్లలు అనుకుంటారు మరి. మన క్లాసులో ఎలుగుబంటి లేకపోతే ఏ పిల్లిబొమ్మైనా చాలు. ఈ నెలలోనే అయిదు లోపల కలపడం, తీసెయ్యడం, అదీ కథలతోనే. బుట్టలో నాలుగు పీతలున్నాయి, ఒకటి పాకి పారిపోయింది. కూడిక గుర్తు, తీసివేత గుర్తు ఇప్పుడే వద్దు.

ఇక ఏప్రిల్ మిగిలింది. 15వ తేదీ నుంచి 61 రోజులు వేట నిషేధం, గుజరాత్‌లోని వేరావల్‌కి వేట కోసం వలసెళ్ళినవాళ్ళూ తిరిగొస్తుంటారు. ఏడాదంతా దొరకని నాన్నలు అప్పుడు దొరుకుతారు. మొదటి వారమే పిలిపించండి. "మాకు లెక్కలేటొచ్చు మేడమ్" అంటారు. ఒక తాడు చేతికివ్వండి, సముద్రం లోతుని బారల్లో చెప్పే మనుషులు వాళ్ళు. నాన్న తన చేతులు చాచి కొలిస్తే నాలుగు బారలు వస్తుంది. అదే తాడు పిల్లది కొలిస్తే ఆరు దాటుతుంది. "నాన్నకి నాలుగే, నాకు ఆరు, నాదే పెద్ద తాడు!" అని అది ఎగురుతుంది. నాన్న కాదంటాడు, తాడు ఒకటే కదే అంటాడు. ఆ తగువు మీరు తీర్చకండి. జూన్‌లో ఒకటో తరగతి టీచరు తీరుస్తుంది.