బుక్కపట్నపు చెరువుగట్టున

ఇటీవల ధర్మవరమున రైలెక్కి, ప్రశాంతి నిలయము స్టేషనులో దిగి, కొత్తచెరువు మీదుగా బస్సులో బుక్కపట్నము చేరితిని. చిత్రావతీనదికి కట్టిన పెద్ద చెరువే యీ యూరికి వన్నె. విజయనగర ప్రభువగు బుక్కరాయల పేరిట నూరు వెలసినదందురు.

ఇది చదువున కలవాటైన యూరు. సత్యసాయిబాబా బాల్యమున పుట్టపర్తినుండి యిచటి బడికే నడచివచ్చి చదివిరి. ఉపాధ్యాయులను తీర్చు డైట్ అనెడి శిక్షణసంస్థ యిచటనే కలదు. పొరుగున నున్న కొత్తచెరువు ఉన్నతపాఠశాలలో 2025 జూలై 10వ తేదీన జరిగిన తల్లిదండ్రుల సమావేశమునకు ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారును, విద్యామంత్రి లోకేశ్‌గారును వచ్చిరి.

బడి యెట్లున్నదని యడిగినచో నెల్లరును పదవతరగతిలో నెందఱు కృతార్థులైరో చెప్పుదురు. ఒకటవ తరగతిలో చేరిన బాలికలలో నెందఱు పదవతరగతికి వచ్చిరో యెవ్వరును చెప్పరు. నడుమ బడిమానిన బిడ్డ పరీక్ష తప్పినవారి పట్టికలోనైనను కానరాదు గదా!

చెరువుగట్టున నొక తల్లి బస్సుకై వేచియుండెను. ప్రక్కనే పండ్రెండేండ్ల కూతురు తమ్ముని చంకనెత్తుకొని నిలిచెను. అమ్మాయి బడికి పోవుటలేదా యని యడిగితిని.

"పేరైతే బడిలోనే ఉందక్కా. మేం బెంగళూరికి కూలికి పోతే చిన్నోని చూసేదానికి ఇంట్లో ఎవరుండారు?" అనెను.

అంతలో బస్సు వచ్చెను. దాని బోర్డు చదివి తల్లికి చెప్పినది ఆ కూతురే!

ఆమెను తప్పుపట్ట నాకు నోరాడలేదు. వానలు తప్పి వేరుసెనగ యెండిన యేట నీ సీమవారు వలసపోవుట క్రొత్త గాదు. 2011 జనగణన నాటికి అనంతపురము జిల్లాలో స్త్రీలలో నూటికి రమారమి 54 మందియే అక్షరాస్యులు. పురుషులలో 70 మందికి మించిరి. ఈ యంతరము ఇట్టి గట్టులమీదనే పుట్టుచున్నది.

సాయము లేకపోలేదు. 2003 నుండి బడిలో మధ్యాహ్నభోజనము పెట్టుచున్నారు. 2025లో 'తల్లికి వందనము' క్రింద బిడ్డ యొక్కరికి 15,000 రూపాయలు మంజూరుచేసి, బడి నిర్వహణకు 2,000 ఉంచి, తక్కిన 13,000 తల్లుల ఖాతాలలో వేసిరి. మూడేండ్లు నిండిన పసివానికి అంగన్వాడి కలదు. తల్లిదండ్రులు వలసపోయినను బాలిక ఊరక యుండి చదువుకొనుటకు, 2004లో కేంద్రప్రభుత్వ మారంభించిన కస్తూర్బాగాంధీ బాలికావిద్యాలయములు కలవు. ఆఱవ తరగతి మొదలు వసతి, భోజనము ఉచితము. ఈ మాట చెప్పగా నా తల్లి బస్సు మెట్టుపై నాగి, "ఎవరినడగాలక్కా?" అనెను. బడి ప్రధానోపాధ్యాయుల నడుగుమంటిని.

చెరువు నిండినదా యని గట్టెక్కి చూచెదము. బడి నిండినదా యని యేల చూడరాదు? మీ వీధిలో బడిమానిన బాలిక యున్నయెడల, ఆ యింటి కొకమారు పోయి రండు. ఆ తల్లికి కావలసినది మందలింపు గాదు, దారి తెలుపు మాట.