అరకు దారిలో స్ప్రింగుల గొడవ

విశాఖపట్నం నుంచి అరకు 110 కిలోమీటర్ల పైమాటే. మా బావమరది ముచ్చటపడి కారుకు పొట్టి స్ప్రింగులు వేయించాడు. బండి నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగింది. చూడటానికి సొగసే! శృంగవరపుకోట దాటేదాకా ఎవరం నోరెత్తలేదు. ఘాట్ రోడ్డు మొదలయింది. మలుపుల్లో కారు ఒరగటం తగ్గిన మాట నిజమే; కాని ప్రతి గుంతా వెనుక సీట్లో మా అమ్మ నడుముకే తగిలింది. ఆవిడ నడుమునొప్పి ఈనాటిది కాదు. అనంతగిరి కాఫీ తోటల దగ్గర దిగి, ఇక ఎక్కనంది. బతిమాలి ఎక్కించాం.

అరకులో మెకానిక్కు బండి కింద దూరి చూసి నవ్వాడు. బరువు మోసేది స్ప్రింగు; దాని ఊపును అణిచేది షాక్ అబ్జార్బరు. స్ప్రింగు పొట్టిదయితే ఆడే చోటు తగ్గుతుంది గనుక దాన్ని గట్టిగా చేస్తారు. పాత అబ్జార్బర్లకు ఆ గట్టిదనం లొంగదు. గుంతలో పడితే రబ్బరు దిమ్మకు గుద్దుకోవటం, లేస్తే ఊగుతూనే ఉండటం!

"వేస్తే రెండూ జత చూసి వేయించండి సార్. లేదంటే కంపెనీవే మేలు," అన్నాడు. పెద్దవాళ్లెక్కే కారుకు నా ఓటు రెండో మాటకే.

తిరుగు ప్రయాణంలో అమ్మను తీసుకుని మా ఆవిడ కిరండూల్ పాసింజరెక్కింది. పాత స్ప్రింగులు అటకమీదే ఉన్నాయా అని బావమరది దారి పొడుగునా భార్యను అడుగుతూనే ఉన్నాడు.