ఒకే నీళ్లలో బతకాలంటే...

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి ఆ ఇల్లు ఖాళీ. కొడుకూ కోడలూ చెరో కారులో ఆఫీసులకి, మనవడు పసుపు బస్సులో బడికి వెళ్లిపోతారు. ఇక సాయంత్రం దాకా డల్లాస్ పక్కన ఫ్రిస్కోలోని ఆ ఇంట్లో మిగిలేది ఇద్దరే. ఒకరు కాకినాడ నుంచి వచ్చిన మాస్టారు. రెండోది హాల్లో గోడవారగా పెట్టిన నాలుగడుగుల గాజుతొట్టి.

ఆయనకి డెబ్భై రెండేళ్లు. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. భార్య పోయి ఏడాది తిరిగాక, 'ఒక్కరూ అక్కడెందుకు నాన్నగారూ' అని కొడుకు పట్టుబడితే 2023 మార్చిలో ఆరునెలలకని అమెరికా వచ్చారు. వచ్చిన వారంలోనే ఆ తొట్టీ వచ్చింది. మనవడికి పదకొండో పుట్టినరోజు కానుక.

మామూలు తొట్టి కాదది. సముద్రపు తొట్టి. రెండువందల ఎనభై లీటర్ల నీళ్లు, అందులో కొలిచి కలిపిన ఉప్పు, రాళ్లు, నీలిరంగు దీపాలు. ఆ రాళ్లమీద బతికున్న పగడాలు పెంచాలని, వాటి మధ్య చేపలు తిరగాలని పిల్లాడి కోరిక. వాడి దగ్గర ఓ జాబితా ఉంది. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమాలోని నారింజరంగు క్లౌన్ చేప, నీలంరంగు డోరీ, ముళ్ల రెక్కల సింహం చేప, నెమలికంఠం రంగులో మాండరిన్ చేప, పసుపుపచ్చ టాంగ్.

'వీటిలో కూరకి పనికొచ్చేది ఒక్కటీ లేదేంట్రా?' అన్నారు మాస్టారు. చందువా, వంజరం, పండుగొప్ప తెలిసిన మనిషాయన. పిల్లాడు మూతి ముడుచుకున్నాడు.

నీళ్లు పోసిన వెంటనే చేపల్ని వెయ్యకూడదు. చేపల విసర్జనల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని ఒకరకం బ్యాక్టీరియా నైట్రైటుగా, ఇంకోరకం నైట్రేటుగా మార్చాలి. ఆ బ్యాక్టీరియా రాళ్లమీద స్థిరపడటానికి నాలుగైదు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఖాళీ నీళ్లని చూస్తూ కూర్చోవాల్సిందే. కానీ పుట్టినరోజు ఆగదుగా! ఏప్రిల్ మొదటివారంలో కొడుకు దుకాణానికెళ్లి మూడు నీలి డామ్సెల్ చేపలు తెచ్చాడు. చవకైనవి, మొండివి, ఎలాంటి నీళ్లనైనా తట్టుకుంటాయని ఎవరో చెప్పారట.

నిజంగానే తట్టుకున్నాయి. అసలు సమస్య అదే.

మూడువారాల తర్వాత రెండు చిన్న క్లౌన్ చేపల్ని తెచ్చి వేశారు. అప్పటికే ఆ తొట్టి డామ్సెల్స్ సొంత ఊరైపోయింది. ఏ రాయి ఎవరిదో పంచేసుకున్నాయి. వేలెడంత లేని చేపలు కొత్తవాటిని మూల నుంచి మూలకి తరిమాయి. రెక్కలు పీలికలు చేశాయి. మూడోరోజు పొద్దున్న ఒక క్లౌన్ చేప అడుగున పక్కకి ఒరిగి కనిపించింది.

పిల్లాడు బడికి వెళ్లనని ఏడ్చాడు. 'నేను అప్పుడే వద్దన్నాను' అంది కోడలు. 'ఇంతింత డబ్బు పోసి...' అని కొడుకు విసుక్కున్నాడు. తొట్టి అమ్మేద్దాం అన్నమాట కూడా వచ్చింది. ఆ ఇంట్లో అంత గట్టిగా మాటలు వినపడటం మాస్టారు వచ్చాక అదే మొదలు. ఆయన ఏమీ అనలేదు. అందరూ వెళ్లాక కుర్చీ తెచ్చుకుని తొట్టి ముందు కూర్చున్నారు. మిగిలిన క్లౌన్ చేప నీళ్లు లాగే గొట్టం వెనక నక్కి ఉంది. జత పోయి, ఎటు వెళ్లాలో తెలియక, తిండికి కూడా బయటికి రాకుండా.

ఆ మధ్యాహ్నమే ఆయన చాలాకాలం తర్వాత నోటుపుస్తకం తెరిచారు.

సాయంత్రం మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. 'రంగు చూసి పిల్లనిచ్చేస్తామా? కుటుంబం ఎలాంటిది, గుణం ఎలాంటిది అని నాలుగిళ్లలో అడగమూ? నీ జాబితాలో రంగులు తప్ప ఏమున్నాయి?' అన్నారు. పేజీమీద నిలువుగీతలు గీశారు. పెద్దయ్యాక ఎంత పొడవు? ఏం తింటుంది? పైన తిరుగుతుందా, మధ్యలోనా, అడుగునా? ఒంటరిదా, జతదా? పోట్లాడుతుందా? పిల్లాడు కంప్యూటర్లో వెతికి ఇంగ్లీషులో చదవడం, తాతగారు తెలుగులో రాయడం. ఆ వారమంతా అదే పని.

జాబితా ఒక్కొక్కటే కొట్టుకుపోయింది.

డోరీ... నీలి టాంగ్. దుకాణంలో అగ్గిపెట్టె అంత ఉంటుంది. పెరిగితే అడుగు పొడవు. రోజంతా ఈదే చేపకి నాలుగడుగుల తొట్టి జైలే. సింహం చేప... దానికి నోట్లో పట్టేదల్లా ఆహారమే. చిన్న చేపలూ రొయ్యలూ మిగలవు. మాండరిన్... ఎవరి జోలికీ పోదు కానీ రాళ్లమీద పాకే కంటికి ఆననంత పురుగుల్నే ఏరుకుని తింటుంది. కొత్త తొట్టిలో అవి సరిపడా ఉండవు. నెమ్మదిగా ఆకలితో చచ్చిపోతుంది. దుకాణం గోడమీద బొమ్మలో చూసి పిల్లాడు మోజుపడ్డ సీతాకోక చేపలూ కుదరవు. వాటిలో చాలారకాలకి పగడాలే భోజనం. ట్రిగ్గర్ చేపలు రొయ్యల్నీ పీతల్నీ కొరికి నమిలేస్తాయి. పెద్దరకం ఏంజెల్ చేపలు పగడాల్ని పీక్కుతింటాయి.

'మరి పెద్ద చేప చిన్న చేపను తినకూడదంటే ఎలా తాతయ్యా?' అన్నాడు పిల్లాడు.

'సముద్రంలో చిన్నదానికి పారిపోవడానికి చోటుంటుందిరా. ఇక్కడ నాలుగు గోడలే. అందుకని పెద్దమనిషి పని మనం చెయ్యాలి.'

ముందు డామ్సెల్స్‌ని బయటికి తియ్యాలి. వలతో ప్రయత్నిస్తే రాళ్ల సందుల్లో దూరాయి. మాస్టారు ఓ కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా మూతిభాగం కోసి, తిరగేసి లోపలికి దూర్చారు. గోదావరి కాలువల్లో చేపలు పట్టే వెదురుబుట్టలో ఉన్న ఉపాయమే అది. లోపలికి వెళ్లే దారి వెడల్పు, బయటికి వచ్చే దారి ఇరుకు. సీసాలో మేత వేసి తొట్టిలో దించారు. ఆశపోతువి అవే ముందు దూరాయి. రెండు రోజుల్లో మూడూ దొరికాయి. దుకాణంవాళ్లు వెనక్కి తీసుకున్నారు. కోడలు ఆ సీసాని చేతిలోకి తీసుకుని ఎంతసేపో చూసింది. 'మీకివన్నీ ఎలా వచ్చు మామయ్యగారూ?' అంది. అప్పటిదాకా ఆవిడ ఆయనతో మాట్లాడిందల్లా భోజనం, మందుల గురించే.

తర్వాత రాళ్లన్నీ కదిపి కొత్తగా పేర్చారు. పాత సరిహద్దులు చెరిగిపోవాలని. గుహలు ఎక్కువ ఉండాలని. ఒక్కో చేపకీ తలదాచుకునే చోటు ఒకటైనా ఉంటే సగం తగాదాలు ఉండవు.

మిగిలిన క్లౌన్ చేప కోలుకుంది. దానికి జత వెతికేటప్పుడు మాస్టారికి ఓ సంగతి తెలిసింది. క్లౌన్ చేపలన్నీ మగవిగానే మొదలవుతాయి. జతలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఆ ఆడచేప చచ్చిపోతే దాని మగచేపే ఆడదిగా మారి, ఇంకో చిన్నదానితో సంసారం సాగిస్తుంది. అందుకని ఒకే సైజువి రెండు కాకుండా, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎంచుకోవాలి. ఎవరు పెద్దో తేలిపోతే పోట్లాట ఉండదు. సముద్రం నుంచి పట్టింది కాకుండా హేచరీలో పుట్టిందే కొన్నారు. సీ అనెమొనీ కూడా కావాలని పిల్లాడు అడిగాడు. అది లేకపోయినా క్లౌన్ చేపలు బతుకుతాయి. అనెమొనీకి బాగా పాతబడిన తొట్టి, గట్టి వెలుతురు కావాలి. పైగా అది కదులుతూ వెళ్లి పగడాల్ని కుట్టగలదు. 'వచ్చే ఏడు చూద్దాం' అన్నారు.

ఈసారి కొత్తచేపని నేరుగా వెయ్యలేదు. వంటింటి గట్టుమీద నలభై లీటర్ల చిన్నతొట్టిలో నాలుగువారాలు విడిగా ఉంచారు. సముద్రపు చేపలకి ఒంటిమీద ఉప్పురవ్వల్లా మచ్చలు లేచే జబ్బొకటి ఉంది. ఒక్క చేపతో వస్తే తొట్టి మొత్తానికి అంటుకుంటుంది. దానికి వేసే రాగి మందు పగడాల్నీ రొయ్యల్నీ చంపేస్తుంది. కాబట్టి వైద్యం బయటే జరగాలి.

పెద్దతొట్టిలోకి మార్చే రోజు ఇల్లంతా చుట్టూ చేరింది. చేప ఉన్న డబ్బాలోకి సన్నగొట్టంతో తొట్టినీళ్లు చుక్కచుక్కగా వదిలారు. ఒక్కసారిగా నీరు మారితే చేప తట్టుకోలేదు. గంటసేపు ఆ చుక్కలు పడుతూనే ఉన్నాయి. తర్వాత దీపాలార్పి దాన్ని మెల్లగా వదిలారు. మర్నాటికి చిన్నది పెద్దదాని ముందు ఒళ్లు వణికించి లొంగుబాటు చెప్పుకుంది. వారం తిరిగేసరికి రెండూ ఒకే మూల పడుకుంటున్నాయి.

నెమ్మదస్తులు ముందు, పెత్తందార్లు చివర. నోటుపుస్తకంలో మాస్టారు రాసుకున్న సూత్రమిది. ముందొచ్చినవాడు ఊరంతా తనదనుకుంటాడు కాబట్టి ఆ అవకాశం సాధువులకే ఇవ్వాలి. ఆగస్టు మొదట్లో ఫైర్‌ఫిష్ వచ్చింది. తోకవైపు నిప్పురంగు, మహా పిరికిది. బెదిరితే నీళ్లలోంచి ఎగిరి బయటపడుతుంది. అందుకని ముందే తొట్టిమీద వల బిగించారు. దానితోపాటే ముందుసగం ఊదా, వెనకసగం పసుపు ఉండే రాయల్ గ్రామా. అచ్చం దాని కవలలా కనిపించే డాటీబ్యాక్ అనే చేప ఇంకోటుంది. రంగులు అవే, గుణం వేరు. అది పక్కా రౌడీ. దుకాణంలో పిల్లాడే తేడా కనిపెట్టాడు. ఒకే జాతివి, ఒకే ఆకారానివి రెండేసి వెయ్యలేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా!

సెప్టెంబరు మొదటివారంలో పసుపురంగు వాచ్‌మన్ గోబీ, దానికి తోడుగా పిస్టల్ రొయ్య వచ్చాయి. వాటి స్నేహం చూడటానికి కోడలు కూడా ఆఫీసు నుంచి రాగానే కుర్చీ లాక్కునేది. రొయ్యకి చూపు సరిగా ఆనదు. కానీ ఇసుకలో బొరియ తవ్వడంలో దిట్ట. గోబీకి తవ్వడం రాదు, చూపు మాత్రం చురుకు. రొయ్య పనిచేస్తున్నంతసేపూ తన మీసాన్ని చేప ఒంటిమీద ఆనించే ఉంచుతుంది. ప్రమాదం కనిపిస్తే చేప తోక ఆడిస్తుంది. ఇద్దరూ బొరియలోకి!

అప్పటికి రాళ్లమీద పగడాలూ నిలదొక్కుకున్నాయి. అక్కడ తొట్టెల్లో పెంచిన పగడాల నుంచే చిన్నముక్కలు తీసి, మనం గులాబీ కొమ్మలు నాటినట్టు నాటుతారు. మన దేశంలో సముద్రం నుంచి పగడాలు, నీటిగుర్రాలు తియ్యడం నేరం. 2001లోనే వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. జీవితమంతా సముద్రం పక్కనే ఉన్నా మాస్టారు బతికున్న పగడాన్ని చూడలేదు. గోదావరి మోసుకొచ్చే ఒండ్రుతో కాకినాడ సముద్రం మట్టిరంగులో ఉంటుంది. పగడాలకి తేటనీరు, వెలుతురు కావాలి. పగడం చెట్టు కాదని, రాయి కాదని, వేల చిన్నప్రాణుల కాలనీ అని ఏటా నల్లబల్లమీద బొమ్మ వేసి చెప్పడమే తప్ప, అది రాత్రివేళ వేళ్లు చాపి తిండి అందుకోవడం ఇక్కడే చూశారు.

ఒకరాత్రి అలా చూస్తూ పర్సులోంచి చిన్న కాగితప్పొట్లం తీశారు. భార్య నల్లపూసల్లోని రెండు పగడాలు. 'ఇదీ ఒకప్పుడు ఇలాగే బతికిందిరా' అని మనవడి అరచేతిలో పెట్టారు. పిల్లాడు వాటిని దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు. వెనక నిలబడ్డ కోడలు ఏమీ అడగలేదు. వచ్చి పక్కన కూర్చుంది. 'అత్తయ్యగారి గురించి మీరెప్పుడూ మాట్లాడరు' అంది కాసేపటికి. ఆ రాత్రి ఆయన చాలాసేపు మాట్లాడారు.

జాబితాలో చివరిది పసుపు టాంగ్. నాలుగడుగుల తొట్టి దానికి కనీస అవసరం. రాళ్లమీది నాచు తినేస్తుంది కాబట్టి తొట్టికీ మేలే. కానీ పెత్తనం ఎక్కువ. అందుకే అందరికన్నా ఆఖరున, చిన్నసైజుది, హేచరీలో పుట్టింది తేవాలి. మిగతావి బాగా స్థిరపడ్డాక, జనవరిలో అని రాసుకున్నారు.

'జనవరికి నువ్వుండవుగా తాతయ్యా' అన్నాడు పిల్లాడు.

కొడుకు ఆ మాటే అదనుగా అందుకున్నాడు. 'కాకినాడ ఇల్లు అద్దెకిచ్చేద్దాం. ఇక్కడే ఉండిపోండి నాన్నగారూ.'

మాస్టారు నవ్వారు. 'నన్ను సంచిలోంచి తీసి ఒకేసారి తొట్టిలో పడెయ్యకురా. చుక్కచుక్కగా రానీ' అన్నారు.

సెప్టెంబరులో అనుకున్న విమానమే ఎక్కారు. వెళ్లేముందు నోటుపుస్తకం మనవడికి ఇచ్చారు. రోజూ ఆవిరైన మేరకి మంచినీళ్లే పొయ్యాలని, ఉప్పునీళ్లు కాదని, ఆవిరయ్యేది నీరే కానీ ఉప్పు కాదని పెద్దక్షరాలతో రాసిచ్చారు.

2024 జనవరిలో ఒక ఆదివారం ఉదయం కాకినాడలో ఫోను మోగింది. తెరమీద గాజుతొట్టి, దాని ముందు ముగ్గురి ముఖాలు. పసుపు టాంగ్‌ని వదిలే వేళ. 'చుక్కలు గంటసేపు పడ్డాయా?' అడిగారు మాస్టారు. 'పడ్డాయి తాతయ్యా.' 'దీపాలు ఆర్పండి.' ఆర్పారు. మసకలో పసుపురంగు మెరుపొకటి రాళ్ల మధ్యకి జారింది. క్లౌన్ చేపలు రెండూ ఎదురొచ్చి చూసి తమ మూలకి పోయాయి. గోబీ బొరియ అంచున కదలకుండా ఉంది. ఎవరూ ఎవర్నీ తరమలేదు.

అక్కడ అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకోవడం ఇక్కడికి వినిపించింది. మాస్టారు కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయారు. తర్వాత కొడుకుని పిలిచారు.

'మార్చిలో టికెట్లు ఎంత ఉంటాయో ఓసారి చూడరా.'