బౌండరీ కౌంటీలో కాపురం పెట్టాలంటే

అమెరికాలోని ఐడహో రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉన్నది బౌండరీ కౌంటీ. పైన కెనడా, తూర్పున మాంటానా, పడమట వాషింగ్టన్ రాష్ట్రం. విస్తీర్ణం దాదాపు 3,300 చదరపు కిలోమీటర్లు, అంటే మన కోనసీమ జిల్లాకు ఒకటిన్నర రెట్లు. 2020 లెక్కల్లో జనాభా 12,056. కోనసీమలో ఇంతమంది ఒక్క పెద్ద ఊళ్లోనే ఉంటారు. భూమిలో సగానికి పైగా ఫెడరల్ ప్రభుత్వ అడవి. కొనుక్కోవడానికి మిగిలేది కూట్నీ నది లోయ, దాని అంచుల మీది మెట్టలు.

రేపు ఏ ఉపద్రవం వస్తుందోనని తిండిగింజలూ కట్టెలూ మందులూ కూడబెట్టుకునేవాళ్లను అక్కడ ప్రెప్పర్లంటారు. సొంత నేల మీద పండించుకుని, కోళ్లనూ మేకలనూ పెంచుకుని బతకాలనుకునేవాళ్లు హోమ్‌స్టెడర్లు. 2011లో జేమ్స్ వెస్లీ రాల్స్ అనే రచయిత ఐడహో, మాంటానా, వయోమింగ్‌లకు ఆరెగన్, వాషింగ్టన్‌ల తూర్పు భాగాలు కలిపి ‘అమెరికన్ రీడౌట్’ అని పేరు పెట్టాడు. కష్టకాలంలో తలదాచుకునే కోట అని ఆయన భావం. జనం తక్కువ, నీళ్లూ కలపా ఎక్కువ, చట్టాల బిగింపు తక్కువ. ఈ మూడు గుణాలూ పుష్కలంగా ఉన్న చోటు బౌండరీ కౌంటీ.

వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ నగరం నుంచి కౌంటీ కేంద్రం బానర్స్ ఫెర్రీకి సుమారు 180 కిలోమీటర్లు. అక్టోబరు మధ్యలో 95వ నంబరు హైవే మీద వెళితే కొండవాలులన్నీ పసుపు పూసుకుని కనిపిస్తాయి. అవి టామరాక్ చెట్లు, సూదాకుల జాతే అయినా ఏటా ఆకు రాల్చేవి. చలికాలం పొయ్యిలోకి దీన్ని మించిన కట్టె లేదని ఆ ప్రాంతమంతా చెబుతారు. శాండ్‌పాయింట్ దగ్గర సరస్సు మీద మూడు కిలోమీటర్ల వంతెన దాటాలి. అది తెగితే దక్షిణం నుంచి రాకపోకలకు సూటి దారి ఉండదు. పడమట సెల్కిర్క్ పర్వతాలు దాటే హైవే లేనే లేదు. దొంగలు రాలేని దారి అంటే సరుకూ రాలేని దారేనని ఇక్కడే అర్థమవుతుంది.

కౌంటీలో మొదట తగిలే ఊరు నేపుల్స్. దాని పక్క కొండ మీదే 1992 ఆగస్టులో రూబీ రిడ్జ్ ముట్టడి జరిగింది. కరెంటూ కుళాయీ లేని ప్లైవుడ్ ఇంట్లో బతుకుతున్న రాండీ వీవర్ కుటుంబాన్ని ఫెడరల్ బలగాలు పదకొండు రోజులు చుట్టుముట్టాయి. వీవర్ భార్య, కొడుకు, ఒక ఫెడరల్ మార్షల్ చనిపోయారు. కరెంటు తీగ చేరని చోటికి ప్రభుత్వం చేరలేదనుకోవడం పొరపాటు.

బానర్స్ ఫెర్రీ దాటగానే లోయ తెరుచుకుంటుంది. కూట్నీ నది కెనడాలో పుట్టి, మాంటానా, ఐడహోల మీదుగా చుట్టు తిరిగి మళ్లీ కెనడాకే పోతుంది. ఒండ్రు నేల. గోధుమ, బార్లీ పండుతాయి. సరిహద్దు దగ్గర ఒక బీరు కంపెనీ పెద్ద హాప్స్ తోట వేసింది. 1948లో వరద నది కరకట్టలను తెంచుకుని ఊరినీ పొలాలనూ ముంచింది. 1970ల్లో ఎగువన మాంటానాలో లిబ్బీ డ్యామ్ వచ్చాకే లోయ కుదుటపడింది. సర్కారును నమ్మనని వచ్చి ఇక్కడ పొలం కొన్నవాడు కూడా సైన్యపు ఇంజినీర్లు కట్టిన ఆనకట్టను నమ్ముకునే విత్తాలి.

ఈ లోయకు అసలు వారసులు కూట్నీ తెగవాళ్లు. 1974 నాటికి వాళ్లు మిగిలింది 67 మంది, తమదని చెప్పుకునే రిజర్వేషన్ భూమి కూడా లేదు. ఆ సెప్టెంబరులో అమెరికా మీద యుద్ధం ప్రకటించి, హైవే మీద కార్లను ఆపి పది సెంట్ల సుంకం అడిగారు. తూటా పేలలేదు. చివరికి పన్నెండున్నర ఎకరాలు దక్కాయి.

లోయ భూమి పెద్ద రైతుల చేతిలో ఉంటుంది కనుక కొత్తగా వచ్చేవాళ్లకు దొరికేది ఎక్కువగా ‘బెంచ్’ అనే మెట్ట. ఒకప్పుడు కలప నరికేశాక ఆ మోడులతో సహా అమ్మిన భూములివి. ‘స్టంప్ రాంచ్’ అన్న పేరు అలా వచ్చింది. మే చివరిదాకా మొక్కల మీద మంచు పేరుకునే భయం, సెప్టెంబరులో మళ్లీ మొదలు. బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్, బఠాణీ, ఆపిల్ బాగా వస్తాయి. టమాటాకు పందిరి కప్పాలి. మిరపనైతే గ్రీన్‌హౌస్‌లోనే పెంచుకోవాలి. పండిన దుంపలు దాచడానికి నేలమాళిగ, చలికాలానికి నాలుగైదు ‘కార్డు’ల కట్టెలు కావాలి. కార్డు అంటే 128 ఘనపుటడుగుల పేర్పు. ఆ కట్టెలు కోసి, చీల్చి, పేర్చడానికి వేసవి వారాంతాలన్నీ పోతాయి. యాభై దాటినవాళ్లు భూమి ధర కంటే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

నీటి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. స్థలంలోంచి వాగు పారుతోందని ప్రకటనల్లో ఊరిస్తారు. కానీ ఐడహో చట్టంలో ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు. వాగు మన గట్టు పక్కనే పారినా హక్కు లేకుండా పొలానికి మళ్లించకూడదు. ఇంటి బోరుకు మాత్రం మినహాయింపు ఉంది. రోజుకు 13,000 గ్యాలన్లు, అంటే సుమారు 49,000 లీటర్లు, అరెకరం తోట దాకా హక్కు పత్రం అక్కర్లేదు. కొండవైపు నల్లరాయి పడితే మాత్రం పక్కింటి బోరు లోతు మన బోరుకు పనికిరాదు.

కౌంటీ భవన నిర్మాణ తనిఖీలు చేయదు. కరెంటు, ప్లంబింగ్, సెప్టిక్ ట్యాంకులకు మాత్రం వేర్వేరు అనుమతులు కావాలి. సొంతంగా కట్టుకునేవాడికి ఇది వరం. కట్టిన ఇల్లు కొనేవాడు మాత్రం పునాదిని తానే తవ్వించి చూసుకోవాలి.

అణుయుద్ధం లెక్కలు వేసేవాళ్లు గాలివాటం చూస్తారు. మాంటానా క్షిపణి గోతులు తూర్పున ఉన్నాయి, గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కనుక అది మేలే. నైరుతిన స్పోకేన్ దగ్గరి వైమానిక స్థావరం, ఇంకా దూరాన హాన్‌ఫర్డ్ అణు కేంద్రం ఉన్నాయన్నది అంత తరచుగా వినిపించదు. నిజానికి వీటన్నిటికంటే దగ్గరి ప్రమాదాలు వేసవి కార్చిచ్చు, వైద్యం. బానర్స్ ఫెర్రీలో చిన్న ఆసుపత్రి ఉంది. శాండ్‌పాయింట్ ఆసుపత్రి 2023లో ప్రసవాలు ఆపేశాక, నెలలు నిండినవాళ్లను దాదాపు 125 కిలోమీటర్లు మంచు రోడ్డు మీద కోర్ డలేన్ నగరం దాకా తీసుకెళ్లాల్సి వస్తోంది.

కౌంటీ నుంచి బయటపడే తూర్పు దారి మోయీ నది మీది 1964 నాటి వంతెన దాటి మాంటానాకు పోతుంది. కింద నీళ్లు 140 మీటర్ల లోతున కనిపిస్తాయి. ఆ నది మీద బానర్స్ ఫెర్రీ పట్టణానికి సొంత జలవిద్యుత్ కేంద్రం ఉంది. చిన్న ఊరికి అది పెద్ద ఆస్తి. ఉత్తరాన కెనడాకు రెండు గేట్లు, ఈస్ట్‌పోర్ట్, పోర్ట్‌హిల్. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు రెండూ అత్యవసరం కాని ప్రయాణాలకు మూతపడ్డాయి. అమెరికన్లను కెనడా మళ్లీ రానిచ్చింది 2021 ఆగస్టులో, అదీ టీకా వేయించుకున్నవాళ్లనే.