స్కార్పియో మంచిదే, కాని ఏ సంవత్సరానిది?

మా కాలనీలో ఉండే ఒక యువకుడు దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం నడుపుతాడు. గత వేసవిలో ఒక సాయంత్రం రక్తపోటు చూపించుకోవడానికి నా వద్దకు వచ్చి, మాటల మధ్య సెల్‌ఫోనులో ఒక తెల్లని స్కార్పియో బొమ్మ చూపాడు. పాత బండి. బ్రోకరుకు పది వేలు టోకెను కూడ ఇచ్చివచ్చాడు. అతని అత్తవారిది సూర్యాపేట. రెండు వారాలకొకసారి భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకొని విజయవాడ రహదారి మీద వెళ్ళివస్తాడు. "బండి ఇనుప కోటలాగ ఉంది అంకుల్, ఇక భయం లేదు" అన్నాడు.

నేను వైద్యుణ్ణే గాని మెకానిక్కును కాను. అయితే ఎల్.బి.నగర్ ప్రాంతంలోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఆ రహదారి నుండి అర్ధరాత్రి వేళ వచ్చే గాయాలు నాకు బాగా పరిచయం. బెల్టు లేకుండా ముందు సీటులో కూర్చున్నవారి మోకాలు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంటే, ఆ దెబ్బ తొడ ఎముక వెంట పోయి తుంటి కీలును వెనుకకు తప్పించగలదు. డ్రైవరు రొమ్ము స్టీరింగుకు బలంగా తగిలితే లోపల గుండె కండరం కమిలిపోవచ్చు. పైకి చిన్న మచ్చ తప్ప మరేమీ కనబడదు. పెద్ద బండ్లలో వచ్చినవారిలోనూ ఇవి చూశాను.

అందుకే అతణ్ణి ఒకే మాట అడిగాను: ఏ సంవత్సరానిది?

మీరూ అదే అడగండి. 2016 మే నెలలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి పరీక్షించింది. పెద్దల రక్షణకు సున్నా నక్షత్రాలు, పిల్లల రక్షణకు రెండు వచ్చాయి. 2022 చివర స్కార్పియో-ఎన్‌కు పెద్దల రక్షణలో ఐదు, పిల్లల రక్షణలో మూడు వచ్చాయి. ఇది పూర్తిగా కొత్త బండి. ఆ ఏడాదే పాత నమూనా 'క్లాసిక్' పేరుతో కొనసాగింది. ఎన్‌కు వచ్చిన నక్షత్రాలు దానికి చెందవు. "స్కార్పియోకు ఫైవ్ స్టార్ సార్" అనే బ్రోకరు ఈ తేడా చెప్పడు.

సంవత్సరంతోపాటు వేరియంటు కూడ ముఖ్యం. డ్రైవరు ఎయిర్‌బ్యాగు దేశంలో అన్ని కార్లకూ తప్పనిసరి అయినది 2019 జూలై 1 నుండి. పక్క సీటుకు కూడ తప్పనిసరి చేసిన నిబంధన పాత మోడళ్ళకు 2021 చివరిదాకా రాలేదు. అంతకు ముందటి స్కార్పియోలలో పై వేరియంట్లకు ఎయిర్‌బ్యాగులుండేవి, కింది వాటికి ఉండేవి కావు. రంగు, టైర్లు చూసి రెంటినీ వేరుచేయలేము.

మన ఇళ్ళలో ఆ పక్క సీటులో కూర్చునేది సాధారణంగా ఒడిలో బిడ్డతో ఉన్న తల్లి. యాభై కిలోమీటర్ల వేగంలో బండి పదోవంతు సెకనులో ఆగిపోతే, పది కిలోల బిడ్డ నూట నలభై కిలోల బరువులాగ ముందుకు లాగుతాడు. ఏ తల్లి చేతులు ఆపగలవు? పైగా ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటే ఒడిలోని బిడ్డకే ముప్పు. పిల్లల చోటు వెనుక సీటు, వారి వయసుకు తగిన చైల్డ్ సీటు. పక్కకు తిరిగి ఉండే చివరి సీట్లలో మాత్రం కూర్చోబెట్టకండి.

ఆ రాత్రే ఆర్‌సీ తెరిచి చూశాము. రిజిస్ట్రేషను 2016, తయారీ 2015. బ్రోకరు చెప్పినది మొదటిదే. స్టీరింగు మీద గాని డ్యాష్‌బోర్డు మీద గాని ఎయిర్‌బ్యాగు గుర్తు లేదు. ముందు మాత్రం కార్ డెకార్ వాళ్ళు బిగించిన భారీ ఇనుప గార్డు ఉంది. ఎయిర్‌బ్యాగులున్న బండిలో అటువంటి గార్డు సెన్సారు పనికి అడ్డుపడగలదు. వీటిపై చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. ఎయిర్‌బ్యాగులున్న పాత బండి కొనేటప్పుడు తాళం తిప్పగానే ఎస్ఆర్ఎస్ దీపం వెలిగి, కొద్ది క్షణాలలో ఆరిపోతున్నదో లేదో చూడండి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా, మంచి మెకానిక్కు చూడకుండా డబ్బు ఇవ్వకండి.

టోకెను పది వేలు తిరిగి రాలేదు. వాటికోసం అతని భార్య నన్ను కొంతకాలం తప్పుపట్టిందని విన్నాను. దీపావళికి ముందు రెండు ఎయిర్‌బ్యాగులున్న మరొక బండి, చిన్నదే, కొన్నారు. వెనుక చైల్డ్ సీటు బిగించారు. పాప దానిలో కూర్చోనని హయత్‌నగర్ దాటేవరకు ఏడుస్తుందట.